బడి డబ్బు ఎవరి పేరున ఉండాలి? తల్లిదండ్రుల సంఘాలకు ఒక పోలిక

సంక్రాంతికి ఊరొచ్చిన పూర్వ విద్యార్థి ఒకరు తాను చదువుకున్న బడికి పాతిక వేలు ఇస్తానంటారు. ఆ వెంటనే "ఏ నంబరుకు ఫోన్‌పే చేయమంటారు?" అని అడుగుతారు. అరుగు మీద కూర్చున్న నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అందరికీ నమ్మకమున్న ఒక మనిషి నంబరు చెబుతారు. మా కోనసీమ ఊళ్ళలో తల్లిదండ్రుల సంఘాల జమాఖర్చులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి, రెండు మూడేళ్ళు తిరగకుండానే వచ్చే తగాదాలకు మూలం కూడా ఇక్కడే ఉంటుంది. ఆ మనిషి మంచివాడు కాకపోవడం వల్ల కాదు, ఆ డబ్బుకు తనదంటూ ఒక పేరూ చిరునామా లేకపోవడం వల్ల.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది మొత్తాన్ని బట్టి తేల్చే విషయమని చాలామంది అనుకుంటారు. నాలుగేళ్ళపాటు మా పిల్లల బడి సంఘానికి లెక్కలు రాసిన అనుభవంతో నేను దానికి ఒప్పుకోను. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్నాళ్ళు నిలవ ఉండాలి, ఒక్కరి సంతకంతో బయటికి రాగలదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే పద్ధతి దానంతటదే తేలుతుంది. పది వేలైనా మూడేళ్ళు నిలవ ఉండవలసినదైతే దానికి గట్టి ఏర్పాటు కావాలి. లక్ష రూపాయలైనా నెలలో ఖర్చయిపోయేదైతే తేలికపాటి ఏర్పాటు చాలు.

ఒక్కరి సొంత ఖాతా

ఇది అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే ముందు తోసిపుచ్చవలసినదీ ఇదే. మా సంఘం తొలి ఏడాది తాగునీటి యంత్రం కోసం 18,000 రూపాయలు పోగుచేసి కోశాధికారి పొదుపు ఖాతాలో ఉంచాము. ఆయన మీద ఎవరికీ అనుమానం లేదు, ఈనాటికీ లేదు. అయితే అదే ఖాతా నుంచి ఆయన ట్రాక్టరు వాయిదా ప్రతి నెలా దానంతటదే కోతపడే ఏర్పాటు ఉందనీ, అప్పటికి రెండు వాయిదాలు బకాయి పడ్డాయనీ మాకు తెలియదు. మా డబ్బు జమ అయిన రెండో రోజే బ్యాంకు తన బకాయిని తాను తీసుకుంది. బ్యాంకు తప్పూ లేదు, ఆయన తప్పూ లేదు. దాళ్వా ధాన్యం అమ్ముడయ్యాక ఆయన ప్రతి పైసా తిరిగి కట్టారు గాని, ఆ అయిదు నెలలూ పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకున్నారు.

ఖాతాదారు చనిపోతే ఆ డబ్బు నామినీ చేతికి వెళుతుంది, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి అందులో ఇంత మాది అని అడగడం ఎంత కష్టమో ఊళ్ళో ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా ఏడాదిలో వచ్చిన చందాలన్నీ ఆయన జమలుగానే కనిపిస్తాయి కనుక ఆదాయపు పన్ను శాఖ ప్రశ్నిస్తే సమాధానం చెప్పుకోవలసినవాడూ ఆయనే. మంచితనంతో ముందుకొచ్చిన మనిషి మీద ఇంత భారం వేయడం న్యాయం కాదు.

ఇద్దరు ముగ్గురి ఉమ్మడి ఖాతా

బాలల దినోత్సవం, వార్షికోత్సవం, ఆటల పోటీలకు పిల్లలను అమలాపురమో భీమవరమో తీసుకెళ్ళడం వంటి ఒక్కసారి పనులకు ముగ్గురు తల్లిదండ్రుల పేరిట ఉమ్మడి పొదుపు ఖాతా సరిపోతుంది. ఇక్కడ జాగ్రత్త పడవలసిన చోటు ఒక్కటే ఉంది. ఉమ్మడి ఖాతా అనగానే బ్యాంకువారు మామూలుగా ఇచ్చే దరఖాస్తులో "ఎవరైనా ఒకరు లేదా బతికి ఉన్నవారు" అన్న పద్ధతికి టిక్కు పెడతారు, అలా పెడితే ముగ్గురిలో ఏ ఒక్కరైనా మొత్తం తీసేయవచ్చు కనుక పేరుకు ఉమ్మడే గాని అసలుకు మొదటి పద్ధతికీ దీనికీ తేడా ఉండదు. కనీసం ఇద్దరు కలిసి సంతకం చేస్తేనే డబ్బు కదిలేలా రాయించుకోవాలి.

అలా రాయిస్తే ఆ ఖాతాకు యూపీఐ సాధారణంగా ఇవ్వరు, చెల్లింపులన్నీ చెక్కుల మీదే జరగాలి. దుకాణదారు సణుగుతాడు, యువకులైన తండ్రులు ఇదేం పాతకాలపు పద్ధతి అంటారు. ఆ ఇబ్బందే మన రక్షణ అని నా అభిప్రాయం. ఎందుకంటే చెక్కు మీద రెండో సంతకం కోసం ఇంకో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఇంటివారు బిల్లు చూడమంటారు.

ఈ పద్ధతికి పరిమితి కూడా ఉంది. ఖాతా వ్యక్తుల పేరిటే ఉంటుంది కనుక వడ్డీ మొదటి పేరు గలవారి ఆదాయంగానే లెక్కకు వస్తుంది. వారి పిల్లలు పదో తరగతి దాటి బడి వదిలిపోతే ఖాతా మాత్రం వారిని వదలదు. అందుచేత పని పూర్తికాగానే మూసేసే డబ్బుకే దీనిని వాడాలి.

పాఠశాల యాజమాన్య కమిటీ ఖాతా

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో చదివే పిల్లల తల్లిదండ్రులకు కొత్తగా ఏదో స్థాపించే ముందు చూసుకోవలసిన ఏర్పాటు ఒకటి చట్టంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. కమిటీకి వచ్చిన డబ్బును విడి ఖాతాలో ఉంచి ఏటా తనిఖీకి అందుబాటులో పెట్టాలని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు చెబుతున్నాయి. ప్రభుత్వ బడుల బాగు కోసం 2019 నవంబరు 14న మొదలైన నాడు నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే సాగాయి కనుక ఇసుకా సిమెంటూ టైల్సూ కొని బిల్లులు దాచిన తల్లులు మన డెల్టా ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వారి అనుభవాన్ని పక్కన పెట్టి కొత్తగా సంఘం పెట్టడం నాకు అర్థం లేని పనిగా తోస్తుంది.

సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే సంయుక్త నిధి పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10,000, 100 మంది వరకు 25,000, 250 మంది వరకు 50,000, 1,000 మంది వరకు 75,000, ఆపైన లక్ష రూపాయలు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే వాడాలి. అంటే 120 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 దాకా రావచ్చన్నమాట. సుద్దముక్కలు, చిన్న మరమ్మతులు, పరిశుభ్రత ఇందులోంచి జరగవలసినవే అయినప్పుడు తల్లిదండ్రుల చందా వాటి మీద ఎందుకు ఖర్చవుతోందో ముందుగా అడగాలి. చందా ఎత్తే ముందు కమిటీ నగదు పుస్తకం చూపించమని కోరడం తల్లిదండ్రుల హక్కే, ఎవరినీ అవమానించడం కాదు.

ఈ ఖాతాతో కష్టాలు లేకపోలేదు. హెడ్మాస్టరు కమిటీలో సభ్య కన్వీనరు కనుక బదిలీ జరిగినప్పుడల్లా సంతకాల మార్పుకు రోజులు పడతాయి, ఆ రోజుల్లో డబ్బు కదలదు. ప్రభుత్వ నిధికీ ప్రజల చందాకూ లెక్క కలగలిసిపోయే ప్రమాదమూ ఉంది. అందువల్ల చందాలకు వేరే రసీదు పుస్తకం, నగదు పుస్తకంలో వేరే పుటలు పెట్టుకోవాలి. ఈ రెండు జాగ్రత్తలు తీసుకోగలిగితే ప్రభుత్వ బడికి ఇదే నా మొదటి ఎంపిక. బడి ఆస్తిగా మిగిలే బల్లలు, పంకాలు, ప్రహరీ, నీటి యంత్రం వంటివాటికి మరో ఆలోచనే అక్కరలేదు.

సొసైటీ, రిజిస్టరు కాని సంఘం

ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు 21వ సెక్షన్ వర్తించదు కనుక అక్కడి తల్లిదండ్రులకు పై దారి లేదు. ప్రభుత్వ బడులలోనూ కొన్ని ఖర్చులు కమిటీ ద్వారా సాగవు. టీచర్లు చాలని చోట ఊరివారే నెల నెలా జీతమిచ్చి విద్యా వాలంటీరును పెట్టుకోవడం, లంక నుంచి రేవు దాటి వచ్చే పిల్లలకు ఆటో ఏర్పాటు చేయడం అలాంటివి. నెలకు 6,000 చొప్పున పది నెలల జీతానికి మాట ఇస్తే 60,000 చేతిలో ఉండి తీరాలి. ఒక నెల ఆగినా ఎదుటి మనిషి ఇంట్లో పొయ్యి వెలగదు. ఇలాంటి నిలవ డబ్బుకు సంఘం తన పేరిట ఖాతా తెరవాలి.

రిజిస్టరు చేయకుండా తెరవాలంటే కార్యవర్గ తీర్మానం, ఖాతా నడిపేవారికి ఇచ్చిన అధికార పత్రం, సంఘం పేరిట పాన్ కార్డు లేదా పాన్ లేనివారు ఇచ్చే ఫారం 60, సంతకందారుల గుర్తింపు పత్రాలు బ్యాంకు అడుగుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనలలో దీనికి వీలుందిగాని, శాఖ మేనేజరు ఉత్సాహం చూపకపోవచ్చు. చూపినా పొదుపు ఖాతా బదులు కరెంటు ఖాతా తీసుకోమనవచ్చు. కరెంటు ఖాతాకు వడ్డీ రాదు, కనీస నిలవ తగ్గితే రుసుము పడుతుంది. ఏడాదికి 20,000 దాటని సంఘం ఆ రుసుముల్లోనే కరిగిపోతుంది.

రిజిస్టరు చేసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ఉంది. కనీసం ఏడుగురు సభ్యులు, సంఘ వ్యవస్థాపన పత్రం, నియమావళి కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితానూ లెక్కలనూ రిజిస్ట్రారుకు దాఖలు చేస్తూ ఉండాలి. మొదటి రోజు ఏడుగురు దొరకడం కష్టమేమీ కాదు. నాలుగో ఏడాది దాఖలు ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. ఆ పనికి ఒక మనిషి పేరు చెప్పలేకపోతే సొసైటీ జోలికి పోవద్దని చెబుతాను, ఎందుకంటే ఏటా దాఖలు ఆగిపోయిన సొసైటీ ఖాతాను తిరిగి నడిపించడం కొత్తది పెట్టడం కంటే కష్టం.

సొసైటీ పెడితే దాతలకు 80జీ రాయితీ, అంటే ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్నులో తగ్గింపు, వస్తుందని ఆశ పెట్టేవారుంటారు. రిజిస్ట్రేషన్‌తోనే అది రాదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా అనుమతులు తెచ్చుకోవాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆ రాయితీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు అసలే వర్తించదు, 2023-24 నుంచి ఆ విధానమే మామూలు విధానమయింది కూడాను. కాబట్టి పల్లెటూరి బడి సంఘం ఈ ఒక్క ఆకర్షణ కోసం ఆడిటరు గుమ్మం ఎక్కడం దండగ.

ట్రస్టు గురించి కొద్దిమాటలు చాలు. ట్రస్టీలు మామూలుగా మారరు, తల్లిదండ్రులు మారుతూనే ఉంటారు. అందుచేత తల్లిదండ్రుల సంఘానికి ట్రస్టు రూపం పొసగదు. తల్లి పేరిట ఏటా పదో తరగతి మొదటి ర్యాంకుకు బహుమతి ఇవ్వాలని ఒకే కుటుంబం పెద్ద మొత్తం డిపాజిట్ చేస్తే మాత్రం అది బాగానే ఉంటుంది. లాభాపేక్ష లేని కంపెనీ పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా విని ఊరుకోవచ్చు.

విదేశాల నుంచి వచ్చే డబ్బు

డెల్టాలో ఈ ప్రశ్న రాని ఊరు ఉండదు. రాజోలు, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, ఖతర్, మస్కట్ వెళ్ళినవారూ, అమెరికాలో స్థిరపడినవారూ బడికి ఇవ్వాలని నిజమైన ప్రేమతోనే అడుగుతారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 వీరిద్దరినీ ఒకే గాటన కట్టదు. భారత పౌరసత్వం వదులుకోని వ్యక్తి తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపేది విదేశీ విరాళం కాదు. కనుక గల్ఫులో పనిచేసే అమ్మ పంపిన 5,000 నిశ్చింతగా తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ మూలమే. వారి దగ్గర తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరవాలి. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ళ చరిత్ర, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షల ఖర్చు చూపాలన్న నిబంధన ఉంది. ఏ పల్లె బడి సంఘానికీ అది అందే ద్రాక్ష కాదు. అప్పటికే ఆ అనుమతి ఉన్న సంస్థ తానే నేరుగా బడిలో పని చేయించవచ్చు గాని, 2020 సవరణ తరువాత ఆ డబ్బును మన సంఘం ఖాతాకు మళ్ళించకూడదు. "మా బావమరిది ఖాతాకు పంపుతాను, అక్కడినుంచి మీరు తీసుకోండి" అనేవారికి నవ్వుతూనే వద్దని చెప్పాలి. రసీదు పుస్తకంలో విదేశాల్లో ఉన్న దాత పేరు పక్కన ఏ దేశపు పాస్‌పోర్టో ఒక మాట రాసుకోవడం మంచి అలవాటు.

ఖాతా తెరిచిన తరువాత

ఏ పద్ధతి ఎంచుకున్నా చందా తప్పనిసరి చేయకూడదు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశానికి ముడిపెట్టి వసూలు చేసే విరాళాన్ని నిషేధించింది, ఉల్లంఘిస్తే వసూలు చేసినదానికి పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్న జాబితా తరగతి గోడ మీద అంటించడం చట్టం సంగతి అటుంచి, పిల్లల ముఖాలు చూసి మానుకోవలసిన పని.

అడిగే కాలం కూడా ఆలోచించుకోవాలి. జూన్ 12న బడి తెరిచే వేళకు రైతు చేతిలో డబ్బు ఉండదు, ఉన్నది సార్వా దమ్ములకూ ఊడ్పులకూ పోతుంది. సార్వా ధాన్యం అమ్ముడైన డిసెంబరు, జనవరి నెలలే మన ఊళ్ళకు సరైనవి. తల్లికి వందనం పథకం డబ్బు తల్లుల ఖాతాల్లో పడిన వారంలోనే చందా పుస్తకంతో తిరగడం నాకు నచ్చదు. ఆ డబ్బులోంచి 2,000 బడి నిర్వహణకని ముందే మినహాయించి 13,000 ఇచ్చిన సంగతి తల్లులకు గుర్తుంటుంది, మళ్ళీ అడిగితే ఆ మాటే జవాబుగా చెబుతారు.

కోశాధికారిగా మోటారు సైకిలున్న పెద్దమనిషిని కాక డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసిన తల్లిని ఎంచుకోమని నా గట్టి సలహా. తీర్మానం రాయడం, హాజరు సంతకాలు తీసుకోవడం, పాస్‌బుక్‌ను నగదు పుస్తకంతో సరిచూడడం ఆమెకు చేతిలో పని. అయితే బడి డబ్బును డ్వాక్రా సంఘం ఖాతాలో ఉంచకూడదు, ఆ సంఘం బ్యాంకు అప్పుకు మన డబ్బు బలికావచ్చు.

నిలవ డబ్బును చూసి ఊరిలో ఎవరికో ఒకరికి చెయ్యి దురద పుడుతుంది. గుడి కమిటీల డబ్బును నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు కనుక, ఊరికే పడి ఉన్న బడి డబ్బు 40,000 అలా ఇస్తే నెలకు 800 వస్తుందని లెక్క చెబుతారు. లెక్క తప్పు కాదు. తీసుకున్నవాడు రొయ్యల చెరువు వేసి, తెల్లమచ్చల వైరస్ తగిలి చెరువు పోతే వడ్డీ మాట అటుంచి అసలు అడగడానికి కూడా నోరు రాదు. ఎందుకంటే అతని పిల్లలూ అదే బడిలో చదువుతుంటారు. చీటీ పాటలో పెట్టడమూ అంతే. బ్యాంకు డిపాజిట్ ఒక్కటే దారి, దానికీ పాన్ ఇవ్వకపోతే వడ్డీ మీద 20 శాతం పన్ను కోత పడవచ్చు.

రసీదు లేకుండా రూపాయి తీసుకోకూడదు, పిల్లల సంచిలో నగదు పంపించుకోకూడదు. రెండు నెలలకొకసారి బడి ఆవరణలో జమ, ఖర్చు, నిలవ గట్టిగా చదివి వినిపించాలి. గోడ మీద కాగితం చదవలేని తల్లులకు చెవికి వినిపించిన లెక్కే లెక్క. కోనసీమలో లెక్కలు చూసుకోకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరే ఇప్పుడు బడి భోజన పథకానికి ఉంది గాని, ఆవిడ పెట్టింది తన సొంత ధాన్యం. మనం ఖర్చు పెట్టేది పదిమందిది. లంక గ్రామాలవారు పుస్తకాలను బడి బీరువా అడుగు అరలో ఉంచకూడదు, 2022 జూలై వరద నీరు గడపలు దాటి లోపలికి వచ్చిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ప్రతి పుట ఫొటో తీసి ముగ్గురి ఫోన్లలో ఉంచుకుంటే సరిపోతుంది.

మార్చి 31న లెక్క మూసి, ఏప్రిల్‌లో బడి సెలవులు ఇచ్చేలోపే కొత్త కార్యవర్గానికి అప్పగింత జరగాలి. సెలవుల్లో సంతకందారులు పుట్టిళ్ళకూ హైదరాబాదుకూ వెళ్ళిపోతారు, బ్యాంకులో సంతకాలు మార్చడానికి పాతవారూ కొత్తవారూ ఇద్దరూ ఎదురుగా ఉండవలసి వస్తుంది. పాస్‌బుక్, వాడని చెక్కుల వరుస నంబర్లు, మిగిలిన రసీదు పుస్తకాలు, బిల్లుల కట్ట, చెల్లించవలసిన బకాయిల జాబితా ఒక కాగితం మీద రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేసి, ఆ కాగితాన్ని మినిట్స్ పుస్తకంలోనే అతికించాలి.